పెదతాత పేరు

ఆదివారం. పొద్దున్నే బరంపురంలో గోపాల్‌పూర్ బస్సెక్కాను. ఇంట్లో చేపల కోసమని చెప్పాను గానీ అసలు పని అత్తతో. వచ్చే వారం మహాలయ అమావాస్య. పంతులుగారికిచ్చే పేర్లలో ఈసారి పెదతాత పేరు కూడా చేర్చాల్సిందేనని అన్నయ్య పట్టు. అత్త ఊఁ అనందే మా ఇంట్లో ఏదీ జరగదు.

పెదతాత కలాసీ, అంటే ఓడ పనివాడు. గోపాల్‌పూర్‌లో రంగం (రంగూన్) స్టీమర్లు ఆగే రోజుల్లో పెరిగినవాడు. కలకత్తా వెళ్ళి, కలాసీల మేస్త్రీ అయిన ఓ సారంగు చేతికింద ఓడెక్కి, బాయిలర్లకు బొగ్గెత్తే పనిలో కుదిరాడట. అదే పనికి తెల్లవాడికిచ్చే జీతంలో మనవాళ్ళకు దక్కేది చిన్న ముక్క. 1939లో యుద్ధం రాగానే ఇంగ్లండు రేవుల్లో మన కలాసీలు సమ్మె కట్టారు, జైళ్ళకెళ్ళారు, చివరికి కాస్త పెంచుకున్నారు. ఆ గొడవల్లో పెదతాత ఉన్నాడో లేదో గానీ, మనీయార్డరు పెరిగిందని మామ్మ చెప్పేది.

ఆఖరి మనీయార్డరు కూపను అత్త దగ్గరే ఉంది, పాత పౌడరు డబ్బాలో. మడతల దగ్గర చిరిగిపోతే వెనక బట్ట అంటించింది. ఎవరో రాసిపెట్టిన నాలుగు ముక్కలు వెలిసిపోయాయి. కింద బొటనవేలి ముద్ర మాత్రం గీతలతో సహా తెలుస్తోంది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి అందరికీ తెలుసు. అదే రోజు ఒజావా అనే అడ్మిరల్ క్రూజర్లు మన ఒడిశా తీరం వెంబడి దొరికిన వర్తక నౌకనల్లా ముంచాయి. సుమారు 20 ఓడలు, ఒక్క రోజులో. కలకత్తా నుంచి కాపలా నౌకల్లేకుండా బయల్దేరినవి చాలా ఉన్నాయి వాటిలో. పెదతాత ఓడ అందులోదేనని అన్నయ్య నమ్మకం. ఆ యుద్ధంలో సముద్రం పాలైన మన వర్తక నావికులు, దాదాపు 6,000 మంది పేర్లు ముంబయిలో, చిట్టగాంగులో పుస్తకాలకెక్కాయి. ఎవరో గుమాస్తా తన చెవికి విన్నట్టు రాసుకున్న ఆ పేర్లలో మనవాణ్ణి పోల్చుకోవడం ఎవరి తరం?

ఇంటికి మాత్రం ఏ కబురూ తిన్నగా రాలేదు. ఓడ మునిగిందని ఒకడు, జపానువాళ్ళు పట్టుకుపోయారని ఇంకొకడు. ఆ రెండో మాటనే పెదమామ్మ పట్టుకుంది. యుద్ధం అయిపోయింది, దేశానికి స్వతంత్రం వచ్చింది, తోటికోడలి పిల్లలు పెళ్ళీడుకొచ్చారు. ఆవిడ గాజులు తియ్యలేదు. రూపాయంత బొట్టు పెట్టుకుని బుట్ట నెత్తినెత్తుకుని చేపలమ్మింది. తద్దినం పెడదామని ఎవరైనా నోరెత్తితే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. పోయినప్పుడు పసుపు రాసి, పూలు పెట్టి పుణ్యస్త్రీగానే సాగనంపారు. ఊళ్ళో గుసగుసలు పోయినవాళ్ళూ ఉన్నారు. మామ్మ ఖాతరు చెయ్యలేదు. నాకు మామ్మ మీద గౌరవం పెరిగింది ఈ కథ వల్లే.

కత్తిపీట ముందేసుకుని కవళ్ళు తోముతూ అంతా విన్నది అత్త. తలెత్తకుండానే అంది: "ఆవిడ చచ్చేదాకా ఉంచుకున్న బొట్టుని మీరిద్దరూ కాగితం మీద చెరిపేస్తారేట్రా?"

"మరి ఆయనకి నీళ్ళొదిలేవాళ్ళెవరత్తా?" అన్నాను. అన్నయ్య మాటే అది. దానికీ న్యాయం ఉంది.

చాలాసేపు మాట్లాడలేదు. తర్పణాల చివర, ఎవరూ లేనివాళ్ళందరికీ కలిపి వదిలే నీళ్ళున్నాయి కదా అని నేనే అన్నాను.

"అవి ఎవరికొదిలినా నాకు చెప్పకండి" అంది.

తిరుగు బస్సులోంచే అన్నయ్యకి ఫోన్ చేశాను. వాదిస్తాడనుకుంటే, సరే పేరు రాయొద్దులే అన్నాడు. రాత్రి కవళ్ళ పులుసు. ముళ్ళెక్కువని పిల్లలు ముట్టుకోలేదు.