బార్ ఎగ్జామ్‌లో కాన్ లా: ముందు గడప దాటాలి, హక్కు సంగతి తర్వాత

న్యూయార్క్ బార్ ఎగ్జామ్ (లాయరు లైసెన్సు పరీక్ష) రిజల్ట్స్ వచ్చాయి. పాస్ స్కోరు 266 అందుకున్న మనవాళ్ళందరికీ అభినందనలు. ఈసారి కొద్దిలో తప్పినవాళ్ళకీ, మన దగ్గర ఎల్‌ఎల్‌బీ, ఇక్కడ ఎల్‌ఎల్‌ఎం చేసి మొదటిసారి రాయబోతున్నవాళ్ళకీ ఈ నాలుగు ముక్కలు. యూబీఈ (చాలా రాష్ట్రాలు వాడే ఉమ్మడి బార్ ఎగ్జామ్) ప్యాటర్న్ మీకు తెలిసిందే, దాని జోలికి పోను. కాన్స్టిట్యూషనల్ లా (కాన్ లా, అంటే అమెరికా రాజ్యాంగ చట్టం), ఫెడరల్ కోర్టులు, అంతే. "ఇది మనకొచ్చులే" అనుకుని చేజేతులా మార్కులు వదులుకునే సబ్జెక్టు ఇది.

మన రాజ్యాంగంలో 14, 19, 21, 32, 226 అధికరణాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాం. ఆ అలవాటే ఇక్కడ దెబ్బ కొడుతుంది. మన హైకోర్టుల్లో ఎవరైనా ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయొచ్చు. ఇక్కడ తనకంటూ నష్టం జరగనివాణ్ణి ఫెడరల్ కోర్టు లోపలికే రానివ్వదు. మన రాష్ట్రపతి 143 కింద సుప్రీంకోర్టు సలహా అడగొచ్చు. ఇక్కడ 1793లో వాషింగ్టన్ ప్రభుత్వమే అడిగినా జడ్జీలు కుదరదన్నారు, ఈ రోజుకీ అదే రూల్. మన దగ్గర మిగులు అధికారాలు కేంద్రానివి. ఇక్కడ పదో సవరణ ప్రకారం రాష్ట్రాలవి. అందుకే "ప్రజల ఆరోగ్యం, భద్రత కోసం కాంగ్రెస్ ఈ చట్టం చేయొచ్చు" అన్న ఆప్షన్ మనకి సహజంగా కనిపిస్తుంది, దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది.

దీనికి మందు ఒకటే: ఒక ప్రశ్న చేశాక దాన్ని వదలకండి. ఒక్కో వాక్యం మార్చి మళ్ళీ చేయండి. ఉదాహరణకి ఇది చూడండి.

ఒక రాష్ట్రం అమెరికా పౌరులకే పశువైద్యుల లైసెన్సు ఇస్తామని చట్టం చేసింది. గ్రీన్‌కార్డు ఉన్న ఒకావిడ దరఖాస్తు తిప్పికొట్టారు. ఆవిడ ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో నేరుగా రాష్ట్రం మీదే దావా వేసి నష్టపరిహారం అడిగింది. ఆప్షన్లు: గెలుస్తుంది, స్ట్రిక్ట్ స్క్రూటినీ (కోర్టు చట్టాన్ని అతి కఠినంగా పరీక్షించడం) కాబట్టి; గెలుస్తుంది, ఆర్టికల్ 4లోని ప్రివిలెజెస్ అండ్ ఇమ్యూనిటీస్ వల్ల; ఓడిపోతుంది, రేషనల్ బేసిస్ (చట్టానికి సహేతుకమైన కారణం ఉంటే సరిపోయే తేలిక పరీక్ష) చాలు కాబట్టి; కేసు కొట్టేస్తారు, పదకొండో సవరణ వల్ల.

చదవగానే చెయ్యి మొదటి దాని మీదికి పోతుంది. జవాబు నాలుగోది. ఆ సవరణ రాష్ట్రాలకి ఇలాంటి దావాల నుంచి రక్షణ ఇస్తుంది: రాష్ట్రం ఒప్పుకోకుండా, కాంగ్రెస్ సరిగ్గా ఆ రక్షణ తీసేయకుండా, ఒక వ్యక్తి ఫెడరల్ కోర్టులో రాష్ట్రం మీద డబ్బు కోసం దావా వేయలేడు. చట్టం రాజ్యాంగ విరుద్ధమే కావచ్చు, అయినా ఈ దావా నిలబడదు.

ఇప్పుడు ఒక వాక్యం మార్చండి. లైసెన్సింగ్ అధికారి మీద, ఇకముందు ఆ చట్టం అమలు చేయకుండా ఇంజంక్షన్ కోసం వేసింది. 1908 నాటి ఎక్స్ పార్టీ యంగ్ తీర్పు ఇందుకు దారి ఇస్తుంది, కాబట్టి మొదటి ఆప్షన్ కరెక్ట్. మళ్ళీ మార్చండి: ఆవిడ కాదు, ఈ చట్టం అన్యాయమని నమ్మే లా ప్రొఫెసర్ వేశాడు. స్టాండింగ్ (దావా వేసే అర్హత) లేదు. మళ్ళీ: ఉద్యోగం పశువైద్యం కాదు, పోలీసు. ప్రభుత్వాధికారం చెలాయించే పని కాబట్టి రేషనల్ బేసిస్‌కి పడిపోతుంది, రాష్ట్రం గెలుస్తుంది. మళ్ళీ: చట్టం చేసింది రాష్ట్రం కాదు, కాంగ్రెస్. పౌరులు కానివాళ్ళ విషయంలో కాంగ్రెస్‌కి చాలా వెసులుబాటు ఉంది, మళ్ళీ రేషనల్ బేసిస్సే. రెండో ఆప్షన్ మాత్రం ఎన్నిసార్లు తిప్పినా తప్పే, ఎందుకంటే ఆ క్లాజు వేరే రాష్ట్రాల పౌరుల కోసం. విదేశీయులకీ కంపెనీలకీ అది వర్తించదు.

ఈ రూల్ మనకి పరాయిది కాదు. 1973లో గ్రిఫిత్స్ కేసులో సుప్రీంకోర్టు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళని పౌరులు కారన్న ఒక్క కారణంతో కనెక్టికట్ బార్ బయట నిలబెట్టడం చెల్లదంది. కష్టపడి చదివి, పౌరసత్వం లేకుండానే లాయరుగా ప్రమాణం చేస్తున్న ప్రతి తెలుగువాడూ ఆ తీర్పు ఒక్కసారైనా చదవాలి.

ఇలా తిప్పుతూ పోతే ఒక వరస దానంతటదే అలవాటవుతుంది. ఎవరు దావా వేశారు, వాళ్ళకి సొంత నష్టం ఉందా, అది ప్రతివాది వల్లేనా, కోర్టు తీర్పుతో తీరుతుందా. కేసు ఇంకా బతికే ఉందా. ఎవరి మీద వేశారు, ఏం అడుగుతున్నారు. నష్టం చేసింది ప్రభుత్వమా, ప్రైవేటు సంస్థా. ఇవి దాటాకే హక్కు, దానికి ఏ స్క్రూటినీ అన్నది. నగరాలకీ కౌంటీలకీ పదకొండో సవరణ రక్షణ లేదని పక్కన రాసి పెట్టుకోండి, పరీక్షలో ఇది అడుగుతూనే ఉంటారు.

స్క్రూటినీలో తప్పేది టెస్టు గుర్తులేక కాదు, నిరూపించే భారం ఎవరిదో చూడక. జాతి, జాతీయ మూలం అయితే ప్రభుత్వమే నిరూపించాలి. లింగభేదం అయినా ప్రభుత్వానిదే, టెస్టు మాత్రం ఇంటర్మీడియట్, అంటే ఆ రెండింటికీ మధ్యది. వయసు, వైకల్యం, పేదరికం అయితే సవాలు చేసినవాడు. టెస్టు సరిగ్గా రాసి భారం అటూ ఇటూ మార్చిన ఆప్షన్ తరచుగా పెడతారు. పైకి తటస్థంగా ఉన్న చట్టం ఒక వర్గాన్ని ఎక్కువగా దెబ్బతీసినంత మాత్రాన స్ట్రిక్ట్ స్క్రూటినీ రాదు, ఉద్దేశం చూపించాలి.

ఫెడరలిజం త్వరగా: కామర్స్ పవర్ (రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే కాంగ్రెస్ అధికారం) కింద ఆర్థిక కార్యకలాపం అయితే దేశం మొత్తం మీద కలిపి లెక్కేస్తారు. బడి దగ్గర తుపాకీ పెట్టుకోవడం అలాంటిది కాదని 1995లో లోపెజ్ కేసులో తేల్చారు. రాష్ట్రాల చేత బలవంతంగా చట్టాలు చేయించడం కుదరదు, డబ్బు ఆశ చూపి ఒప్పించడం కుదురుతుంది. కాంగ్రెస్ మౌనంగా ఉన్నప్పుడు రాష్ట్రం బయటి వ్యాపారులపై వివక్ష చూపితే డార్మెంట్ కామర్స్ క్లాజు అడ్డొస్తుంది. రాష్ట్రమే సరుకు అమ్ముతుంటే మినహాయింపు.

సుప్రీంకోర్టు దగ్గర మన 136 (దాదాపు ఏ కోర్టు తీర్పు మీదైనా అప్పీలు వినే అధికారం) మర్చిపోండి. స్టేట్ కోర్టు తీర్పు స్టేట్ చట్టం మీదే పూర్తిగా నిలబడగలిగితే, ఫెడరల్ పాయింటు తప్పయినా సుప్రీంకోర్టు ముట్టుకోదు. సర్షియొరారైకి (అప్పీలు వినడానికి సుప్రీంకోర్టు ఇచ్చే అనుమతి) తొమ్మిది మందిలో నలుగురు ఒప్పుకోవాలి.

కేసు పేర్లు బట్టీ పట్టొద్దంటే కొందరు ఒప్పుకోరు. పేర్లు తెలిస్తే మంచిదే. కానీ ఎంబీఈ (ఆప్షన్లు ఇచ్చే ప్రశ్నల భాగం) రూల్ అడుగుతుంది, పేరు కాదు. ఎంఈఈలో (వ్యాసాలు రాసే భాగం) రూల్ స్పష్టంగా రాసి, ఇచ్చిన వాస్తవాలకి అన్వయిస్తే పేరు లేకపోయినా మార్కులు పడతాయి. ఆ సమయం రోజూ ప్రశ్నలు తిప్పడానికి వాడండి. ఒళ్ళు బాగాలేదనో ఆఫీసు పనుందనో ఒక రోజు వదిలితే రెండో రోజు వదలడం ఇంకా తేలిక. రోజూ కూర్చోవాల్సిందే.

ఎంబీఈలో కాన్ లా స్కోరయ్యే ప్రశ్నలు 25, అందులో దాదాపు సగం హక్కుల మీదే. ఒక్కోదానికి సగటున 1 నిమిషం 48 సెకన్లు. ముందు చివరి వాక్యం చదవండి, "బలమైన వాదన ఏది" అని అడిగితే ఎవరి తరఫునో గీత గీయండి. ఎంఈఈలో 30 నిమిషాల్లో మొదటి 8 నుంచి 10 ప్లాన్‌కే. స్టాండింగ్‌లో కేసు పోతుందని తేలినా అక్కడ ఆగకండి, "కోర్టు విచారించినా" అని మొదలుపెట్టి మెరిట్స్ (అసలు హక్కు వివాదం) కూడా రాయండి, మార్కులు రెండింటికీ ఉంటాయి. ఎంబీఈలో నెగటివ్ మార్కింగ్ లేదు, టైమ్ అయ్యేలోపు అన్ని బబుల్స్ నింపేయండి.