గుద్దిన బండి కొనాలా వద్దా: టేపు ముందు, బేరం తర్వాత

సగం ధరకి వస్తోందని యాక్సిడెంట్ బండి మీద మనసు పడ్డవాళ్ళు ముందుగా ఒకటి తేల్చుకోవాలి. అది గుద్దిన బండా, మునిగిన బండా, రెండూనా? మన గోదావరి డెల్టాలో ఈ ప్రశ్న తప్పదు. కాకినాడ కాలవ వెంట వెళ్ళినా నరసాపురం కాలవ వెంట వెళ్ళినా చాలాచోట్ల గట్టే రోడ్డు. సంక్రాంతి రోజుల పొగమంచులో మలుపు కనబడక కాలవలోకి దిగిపోయిన బండికి బంపరు మీద గీత కూడా పడకపోవచ్చు. కొబ్బరిచెట్టుని గుద్ది బానెట్ మడతపడ్డ బండిని చూస్తేనే భయమేస్తుంది. కానీ తర్వాత ఏళ్ళతరబడి డబ్బు తినేది ఎక్కువగా ఆ మునిగిన బండే.

ఎంత కడిగి ఆరబెట్టి సెంటు కొట్టినా ఒండ్రు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. డ్రైవరు సీటు బెల్టు ఇంక రానంతవరకు బయటికి లాగండి. చివర్లో వచ్చే ఆ జానెడు మూరెడు పట్టీ ఎప్పుడూ రీలుకి చుట్టుకునే ఉంటుంది, దాన్ని కడగాలని ఎవరికీ తోచదు. దానిమీద అడ్డంగా బూడిదరంగు చార ఉండి, గోరుతో గీస్తే మట్టి పొడిలా రాలితే ఇంక అడగాల్సింది లేదు. సీటు జరిగే పట్టాల కింద, స్పేర్ టైరు గుంటలో, హెడ్‌లైటు లోపలి అడుగున కూడా చూడండి. డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజు పెట్టెలోంచి రెండు ఫ్యూజులు పీకండి. వాటి కాళ్ళు మెరుస్తూ ఉండాలి. పచ్చగా చిలుము పట్టిందంటే లోపల వైరింగంతటికీ అదే జబ్బు అనుకోవాలి.

నీళ్ళు గుమ్మం దాటి కార్పెట్ తడిపి ఆగిపోతే బండి బాగుపడుతుంది. సీట్లు విప్పి, కార్పెట్‌తో పాటు దాని కింది దూది పొర కూడా తీసి ఎండబెట్టాలి. అప్పుడు కూడా ఒక మెలిక ఉంది. ఎయిర్‌బ్యాగు కంప్యూటరు చాలా కార్లలో గేరు లివరుకి ముందు నేలకి దగ్గరగానే బిగించి ఉంటుంది, అది తడిసిందేమో విడిగా చూడాలి. నీళ్ళు డ్యాష్‌బోర్డు దాకా వస్తే మాత్రం వదిలేయండి. భీమవరం, నరసాపురం వైపు రొయ్యల చెరువులో గానీ ఉప్పుటేరులో గానీ పడ్డ బండైతే ఎంత తక్కువకి ఇస్తామన్నా వద్దు. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, వైరు తొడుగు లోపల రాగిని తింటూనే ఉంటుంది. ఇవాళ పవర్ విండో, వచ్చే నెల ఇంజెక్టరు, ఆ తర్వాత స్టీరింగు, ఇలా ఒక్కోసారి ఒక్కో జబ్బు.

మునిగిన ఇంజిన్ని అమ్మేవాళ్ళు "సెల్ఫ్ కొట్టి చూపిస్తాం" అంటే ఒప్పుకోకండి. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు. సిలిండర్లో నీళ్ళుండగా పిస్టన్ పైకొస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ప్లగ్గులు విప్పించి, క్రాంక్ బోల్టుకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పించాలి. తర్వాత అన్ని సిలిండర్లకీ కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, చూడాలి. ఒక్కటి మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంటే రాడ్డు వంగి పిస్టన్ పైదాకా రావడంలేదేమోనని అనుమానించాలి. ఆయిల్ గేజి పుల్ల మీద నూనె పాలటీరంగులో ఉంటే లోపల నీళ్ళు కలిశాయి.

ఇక గుద్దిన బండి. ఇప్పటి కార్లకి లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు, రేకుల పెట్టె మొత్తం కలిసే ఛాసిస్. అందుకే డొక్కు ఎంత పడిందో చూస్తే సరిపోదు, పెట్టె కొలతలు తప్పాయేమో చూడాలి. దానికి ఐదు మీటర్ల టేపు చాలు. బానెట్ ఎత్తి, ఎడమ సస్పెన్షన్ టవర్ (షాక్ అబ్జార్బర్ పైభాగం బిగించే చోటు) బోల్టు నుంచి కుడి ముందు మూలకి, కుడి టవర్ బోల్టు నుంచి ఎడమ ముందు మూలకి కొలవండి. రెండూ సమానంగా రావాలి. ఐదారు మిల్లీమీటర్ల తేడాకి కంగారు పడక్కర్లేదు, సెంటీమీటరు దాటితే ముందు భాగం పక్కకి జరిగినట్టే. స్టీరింగు నిటారుగా పెట్టి, ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్యకి రెండు పక్కలా కొలవండి. ఉదాహరణకి 2018 నుంచి వచ్చిన స్విఫ్ట్‌కి అది 2450 మిల్లీమీటర్లు. ఒకపక్క అంతా ఉండి రెండోపక్క 2430 వస్తే చక్రం దగ్గర ఏదో వెనక్కి నెట్టుకుపోయింది.

తలుపు రబ్బరు బీడింగు చేత్తో లాగేస్తే ఊడొస్తుంది. దాని వెనక, పిల్లర్ (తలుపు పక్కన కప్పుని మోసే నిలువు స్తంభం) అంచున, కంపెనీ వేసిన స్పాట్ వెల్డింగు గుంటలు గుండ్రంగా, వరసగా, ఇంచుమించు ఒకే దూరంలో కనబడాలి. అవి లేకుండా నున్నగా ఉన్నా, గ్యాస్ వెల్డింగు గట్టులా తేలినా ఆ పిల్లర్ కోసి అతికించారు. నడిమి పిల్లర్‌ని చాలా మోడళ్ళలో గట్టి ఉక్కుతో చేస్తారు, దాన్ని కాల్చి సాగదీస్తే ఆకారం వస్తుంది, బలం రాదు. పక్క నుంచి ఇంకో బండి గుద్దినప్పుడు లోపలివాళ్ళని కాపాడాల్సింది అదే కాబట్టి ఇక్కడ నా మాట ఒకటే: పిల్లర్ కోసిన బండి కుటుంబానికి పనికిరాదు. తలుపులు, ఫెండర్లు, బానెట్ బోల్టులతో బిగించేవి, అవి ఎంత నలిగినా దిగులు లేదు. పైన లప్పం ఎంత పెట్టారో పెయింటు మందం మీటరు చెబుతుంది. కంపెనీ పెయింటు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, 500 దాటితే కింద లప్పం ఉంది.

బండి నడిచే స్థితిలో ఉంటే అలైన్‌మెంట్ చేయించి ఆ కాగితం తీసుకోండి. మామూలు చిన్న కార్లలో ముందు చక్రాలకి టో, అంటే చక్రం ముందువైపు లోపలికో బయటికో తిరిగే కోణం, ఒక్కటే సర్దడానికి వీలుంటుంది. క్యాంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం), క్యాస్టర్ (స్టీరింగు ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) ఎడమకీ కుడికీ ఒక డిగ్రీ తేడా వచ్చాయంటే చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, స్ట్రట్, నకిల్, సబ్‌ఫ్రేమ్‌లలో ఏదో వంగింది. "అలైన్‌మెంట్ చేస్తే సరిపోతుంది" అన్న మాట అక్కడ చెల్లదు. సర్వీసింగ్ షెడ్డులో ర్యాంపు ఎక్కించి ఆయిల్ చాంబర్ కూడా చూడండి. గట్టుకి తగిలి అది పగిలి, నూనె కారిపోయాక కూడా బండి నడిపి ఉంటే బేరింగులు పోయి ఉంటాయి.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న బండికి ఖర్చు బ్యాగుతో ఆగదు. బ్యాగులు, కంప్యూటరు, క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగులోని బ్యాగుకి కరెంటు అందించే వైరు చుట్ట), గుద్దినప్పుడు పేలి బిగుసుకున్న సీటు బెల్టులు, డ్యాష్‌బోర్డు, చాలాసార్లు ముందు అద్దం కూడా మార్చాలి. ఇక్కడే మోసం ఎక్కువ. బ్యాగు స్థానంలో చిన్న రెసిస్టరు పెట్టేస్తే లైటు ఆరిపోతుంది, లోపల మాత్రం ఖాళీ. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి కొన్ని సెకన్లకి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండొచ్చు. మామూలుగా ఆరినా నమ్మకుండా బ్యాగు విప్పించి కళ్ళతో చూడండి.

లెక్క ఇలా వేయాలి. అదే మోడలు, అదే ఏడాది, దెబ్బతినని బండి 4,50,000 పలుకుతోంది అనుకుందాం. షోరూం ఎస్టిమేట్ ప్రకారం సామాన్లు, కూలీ 1,60,000. విప్పాక బయటపడేవాటికి అందులో పావు వంతు, 40,000. ఏసీ గ్యాస్, క్లిప్పులు, హెడ్‌లైటు బ్రాకెట్లు, ఫ్యాను ఇక్కడే తేలతాయి. తోలుకురావడానికి, కాగితాలకి, ఇన్సూరెన్స్‌కి 25,000. రేపు మళ్ళీ అమ్మేటప్పుడు యాక్సిడెంట్ బండని 15 శాతం తగ్గిస్తారు, 67,500. మొత్తం 2,92,500. మిగిలేది 1,57,500, అంతకుమించి ఒక్క రూపాయి పెట్టకూడదు. బానెట్, తలుపులు, లైట్లు విజయవాడ ఆటోనగర్‌లో అదే రంగువి పాతవి దొరికితే పెయింటు ఖర్చు కూడా కలిసొస్తుంది. బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, లోయర్ ఆర్మ్, టై రాడ్డు మాత్రం పాతవి వేయించకండి.

కాగితాల సంగతి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి రాసిన విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద, అంటే బండి మొత్తం పోయినట్టే లెక్కేసి, కడుతుంది. అలాంటి బండి ఆర్‌సీ రద్దయి ఉంటే అది సామాన్లకే పనికొస్తుంది, రోడ్డు ఎక్కదు. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి ఆర్‌సీ స్థితి, ఫైనాన్స్ బాకీ చూడండి, ఛాసిస్ నంబరు బండి మీద చదివి సరిపోల్చండి. ప్రమాదంలో ఎవరికైనా ప్రాణం పోయిందా, కేసుందా, ఆ రోజుకి థర్డ్ పార్టీ పాలసీ నడుస్తోందా అని అడగండి. పోలీసుల నుంచి బాండు మీద విడిపించుకున్న బండైతే కోర్టు షరతులు చూడకుండా కొనకండి, అమ్మకూడదని అందులో రాసి ఉండొచ్చు. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే అది తీరిందని చెప్పే ఫారం 35, ఇవన్నీ చేతికొచ్చేదాకా అడ్వాన్సుకి మించి ఇవ్వొద్దు.