గండికోటలో గీతల లెక్క

మొన్న గండికోట పోయినాం. పెన్నా లోయ అంచున అందరూ సగం ఆకాశం, సగం రాళ్లు పెట్టి ఫొటోలు తీస్తున్నారు. నాకది నచ్చదు. ఫోన్ కెమెరాలో గ్రిడ్ (తెరను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే గీతలు) ఆన్ చేసి, నింగీ నేలా కలిసే చోటుని పై గీత మీదికి జరిపితే ఎర్రరాతి పొరలకు చోటొస్తుంది. మబ్బు తునక లేని మన సీమ ఎండలో అంత ఆకాశంతో పనేముంది?

ఈ మూడో వంతుల సూత్రానికి 1797లోనే పేరు పెట్టింది ఇంగ్లండు చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్. అప్పటికి ఫొటో అన్నదే పుట్టలేదు, చెప్పింది పెయింటింగుల కోసం!

లోయ లోతు మాత్రం గీతలతో రాదు. తమ్ముణ్ణి దూరంగా ఒక బండ మీద నిలబెట్టినా. మనిషి చీమంత అయ్యాకే లోయ పెద్దదైంది. వాడికి కోపం: "నా మొగం యాడుందన్నా?"

జామియా మసీదు తోరణాల్లోంచి తీసినవి రేపు పెడతా.