ఫ్రెంచి మాటను ఎక్కడ విరవాలి?

1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం ఆ భాషలో మూడు అక్షరాలు: యా-నా-ఓం. చివరి రెండు అచ్చుల్నీ కలిపి మింగేయకూడదు.

మన డెల్టాలో ఫ్రెంచి మొదలుపెట్టేవాళ్లకు అడ్డొచ్చేది తెలుగు లిపే. బయల్దేరడమనే 'పార్తిర్' మన రాతలో పా-ర్తి-ర్‌లా కనిపిస్తుంది. అసలు విరుపు పార్-తిర్. రెండు అచ్చుల నడుమ రెండు హల్లులుంటే చెరోవైపు పోతాయి. పద్యానికి గణాలు కట్టినవాళ్లకు ఇది తెలిసిందే. సంయుక్తాక్షరం ముందున్నది గురువు కావడానికి కారణం ఇదే కదా! అయితే ప, బ, క, గ, ఫ వెంట ల గానీ ర గానీ వస్తే, త, ద, వ వెంట ర వస్తే ఆ జంట విడిపోదు: తా-బ్లో. మాట్లాడడమనే పార్-లే మాత్రం విడిపోతుంది. హల్లు ఒక్కటే ఉంటే తర్వాతి అచ్చుదే: ఆ-మీ.

రాతకీ పలుకుకీ లెక్క కుదరదు. పుస్తకం అనే 'లీవ్ర్' చివర పలకని 'ఈ' (e) అనే రోమన్ అక్షరం ఉంది. రాతలో రెండు అక్షరాలు, నోట్లో ఒకటే.

అర్థం కోసం విరవడం వేరే పని. సూర్యోదయాన్ని పలుకులో సూర్-యో-ద-యం అంటాం, సంధి విడదీస్తే సూర్య, ఉదయం. 'ఇనుతిల్' (పనికిరానిది) కూడా అంతే: పలుకు ఇ-ను-తిల్, అర్థం ఇన్ (కాదు), ఉతిల్ (పనికొచ్చేది). ఇక్కడ 'ఎన్' తర్వాతి అచ్చుతో పోయింది కాబట్టి ముక్కు పలుకు లేదు. చాలా హల్లుల ముందైతే అదే ముక్క ముక్కుతో పలుకుతుంది. ప, బ, మ ముందు 'ఇమ్', ల ముందు 'ఇల్', ర ముందు 'ఇర్' అని రాస్తారు.

మొదట్లో 'ఇన్' కనిపించిందల్లా 'కాదు' అనుకుంటేనే బోల్తా. గోదారి లంకల్ని ముంచెత్తడానికి వాడే మాట 'ఇనోందే'. 'ఓంద్' అంటే అల. మరి అల కాకపోవడమా? కాదు, ఇది లాటిన్ నుంచి వచ్చిన 'లోపలికి' అనే 'ఇన్'. మిగిలిన ముక్క మాటగా నిలిస్తే చాలదు, 'కాని' చేర్చి చదివినా అర్థం కుదరాలి.

పొడుగు మాటల్ని తోకనుంచి ఒలవాలి. రాతలో 25 రోమన్ అక్షరాలున్న 'ఆంతికోంస్తిత్యుస్యొనెల్‌మాం' అంటే రాజ్యాంగ విరుద్ధంగా. చివరి 'మాం' మన '-గా'. అది సాధారణంగా విశేషణపు స్త్రీలింగ రూపానికి అతుక్కుంటుంది, అందుకే ముందు 'నెల్' రాతలో 'ఈ'తో ముగుస్తుంది. ఆ రెండూ తీస్తే మిగిలేది రాజ్యాంగం, దాని ముందు వ్యతిరేకతను చెప్పే 'ఆంతి'. అర్థం ముక్కలు నాలుగు; విరిచిన ముక్కలు రాతలో తొమ్మిది, పలుకులో ఎనిమిది.