కంది అనే కుక్కపిల్లకు ఇల్లు వెదికిన అనుభవం

జబ్బుపడిన వీధికుక్క పిల్లను ఇంటికి తెచ్చి బతికించేవారు మా ప్రాంతంలో ఇప్పుడు ఊరికి ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తున్నారు. బతికిన తరువాత అది ఎక్కడ ఉండాలన్న ప్రశ్న దగ్గరే వాళ్ళలో చాలామంది ఆగిపోతారు. ఇంట్లో అప్పటికే రెండు కుక్కలున్న నాలాంటివారు మూడోదాన్ని ఉంచుకోలేరు, కోలుకున్న పిల్లను మళ్ళీ అదే రోడ్డు మీద వదిలిపెట్టడానికి మనసూ ఒప్పదు. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటూ ఒక ఆడ కుక్కపిల్లకు నేను ఇల్లు వెదికిన తీరును, ఇదే పనిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందన్న ఆశతో, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ పిల్లను పాతపట్నం వెళ్ళే దారిలో ఒక టిఫిన్ హోటలు వెనుక చూసి, మా ఎదురింటి అబ్బాయి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట అంతా వెంట్రుకలు రాలి, చర్మం మందమై పక్కులు కట్టి ఉంది. ముందు పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు మొలుస్తున్నందువల్ల దాని వయసు నాలుగు నెలలు ఉంటుందని పశువైద్యుడు అంచనా కట్టారు. చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శిని కింద చూసి, అది ఒంటి నుంచి ఒంటికి అంటుకునే గజ్జి అని తేల్చారు. కుక్కలకు వచ్చే గజ్జిలో రెండు ప్రధానమైన రకాలున్నాయి. ఒకటి తల్లి నుంచి పిల్లకు పుట్టిన కొద్దిరోజుల్లోనే చేరి, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు బయటపడేది. అది మనుషులకు అంటదు. రెండోది పక్క కుక్కకు సోకడమే కాక, ఎత్తుకున్న మనిషి చేతులకు కూడా దురద తెప్పిస్తుంది. ఏ రకమో తెలియకుండా పిల్లను ఎవరికైనా అప్పగిస్తే, ఆ ఇంట్లో పిల్లలకు దద్దుర్లు లేచిన నాడే అది వీధిలోకి పోతుంది. అందువల్ల పూర్తిగా నయమయ్యేదాకా ఎవరికీ చూపకూడదని నిర్ణయించుకున్నాను.

మా ఇంటి వెనుక గదిలో దాన్ని విడిగా ఉంచాము. దాని గిన్నె, గుడ్డలు వేరు, ఆ గదిలోకి వెళ్ళినప్పుడు వేసుకునే చెప్పులు కూడా వేరు. గజ్జి ఒక్కటే కారణం కాదు. వాంతులు, విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ సోకిన పిల్లలో లక్షణాలు కనబడడానికి సాధారణంగా రెండు వారాల లోపు సమయం పడుతుంది, అది నేలలో నెలల తరబడి నిలిచి ఉంటుంది, మామూలు ఫినాయిలుకు లొంగదు. నీళ్ళలో కలిపిన బ్లీచింగుతోనే ఆ గది కడిగేవాళ్ళము. నులిపురుగుల మందు ముందుగా వేయించి, ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు కలిపి ఇచ్చే టీకా మొదటి మోతాదు, మూడు నాలుగు వారాల విరామంతో రెండో మోతాదు, వాటితోపాటు రేబీస్ టీకా వేయించాము. ప్రతి మందు పేరు, తేదీ, బ్యాచి నంబరు ఉన్న కార్డును జాగ్రత్త చేశాను. దత్తత అడిగేవారికి మాటల కంటే ఆ కార్డు ఎక్కువ నమ్మకం కలిగించింది. వానలు వెనకబట్టేసరికి కొత్త వెంట్రుకలు వచ్చి, ఒళ్ళంతా కందిపప్పు రంగు తేలింది. కంది అన్న పేరు అప్పుడు పెట్టినదే.

కోలుకుంటున్న రోజుల్లో దాని స్వభావం గురించి ఒక నోటుపుస్తకంలో రాస్తూ వచ్చాను. ఈ పని ఎవరూ మానవద్దని గట్టిగా చెబుతాను. చీపురు ఎత్తితే మూలకు పోయి నక్కేది, మోటారుసైకిలు శబ్దానికి మాత్రం కదిలేది కాదు. అన్నం గిన్నెలో ఉండగా పక్కకు జరిపితే గుర్రుమనేది కాదు. పాలు పోస్తే విరేచనాలు అయ్యేవి; చోడి (రాగి) అంబలి, గుడ్డు కలిపిన అన్నం హాయిగా అరిగేవి. ఇక్కడి పల్లెల్లో ప్రతి పెరట్లోనూ కోళ్ళుంటాయి, చాలా ఇళ్ళలో మేకలుంటాయి. కోడిని పట్టిన కుక్కకు పల్లెలో రెండో అవకాశం ఉండదు. అందుకే మా వదినగారింటి పెరట్లో, తాడు పట్టుకుని, వెదురు దడికి ఇవతల కూర్చోబెట్టి, కోళ్ళు తిరుగుతుంటే అది ఏం చేస్తుందో అనేకసార్లు చూశాను. మొదట్లో ఒళ్ళు బిగించి ముందుకు వంగేది. పిలిచిన వెంటనే తల తిప్పిన ప్రతిసారీ ఉడికించిన మాంసం ముక్క పెడుతూ పోగా, కొన్ని వారాలకు కోళ్ళను చూసి పడుకోవడం అలవాటైంది. మేకల జోలికి మొదటి నుంచీ పోలేదు. పిల్లలతో ఆడేటప్పుడు మాత్రం చేతులు నోట పట్టేది. గట్టిపళ్ళు వచ్చే వయసు కనుక అది సహజమే అయినా, ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వకూడదని రాసుకున్నాను.

ప్రకటన రాసేటప్పుడు ఏదీ దాచలేదు. ఆడది, దేశవాళీ, వయసు సుమారు ఇంత, గజ్జి వచ్చి నయమైంది, టీకాలు అయ్యాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ వయసు రాగానే చేయించాలి, ఇల్లు చూసిన తరువాతే ఇస్తాను. ఈ మాటలనే తెలుగులో ఒక పక్క, ఒడియాలో ఒక పక్క రాయించాను, ఎందుకంటే మా పట్టణంలో ఒకే వీధిలో రెండు భాషల ఇళ్ళూ ఉంటాయి. ఫొటో నిలువెత్తున, పగటి వెలుతురులో, మనిషి పక్కన నిలబడి ఉండగా తీయించాను. అప్పుడే దాని పరిమాణం చూసేవారికి తెలుస్తుంది. మందుల దుకాణం గోడ మీద, పశువుల దాణా అమ్మే దుకాణం దగ్గర, ఉపాధ్యాయుల వాట్సాప్ గుంపుల్లో పెట్టాము. ముద్దుగా కనిపించే మాటలు చేరిస్తే ఎక్కువ ఫోన్లు వస్తాయని కొందరు సలహా ఇచ్చారు. ఎక్కువ ఫోన్లు నాకు అవసరం లేదు, ఒక్క సరైన ఫోను చాలు.

వచ్చిన ఫోన్లలో చాలావరకు రెండు ప్రశ్నలతో ముగిసేవి: ఏ జాతి, మగదా ఆడదా? ఆడది అనగానే పెట్టేసేవారే ఎక్కువ. ఈతకు అరడజను పిల్లలు పుడితే ఏం చేయాలన్న భయం దాని వెనుక ఉంది, ఆ భయం న్యాయమైనదే. ఆపరేషన్ బాధ్యత నాదని చెబితే కొందరి గొంతు మారింది కూడా. జీడితోట కాపలాకు కావాలని ఒకాయన నిజాయితీగా అడిగారు. రాత్రంతా గొలుసుకు కట్టి, మనిషి పొద్దున వచ్చి అన్నం పెట్టి పోతాడని ఆయనే చెప్పారు. మనుషుల మధ్య పెరగవలసిన వయసులో ఒంటరిగా కట్టిపడేస్తే కుక్క కాపలాకు కూడా పనికిరాదు, కనిపించినదాన్నల్లా కరిచేదిగా తయారవుతుంది. ఆ మాట ఆయనకు చెప్పి, వద్దన్నాను. వసతిగృహంలో ఉంటూ చదువుకునే కుర్రవాళ్ళు ఎంతో ప్రేమతో వచ్చారు, కందితో గంటసేపు ఆడారు. చదువు పూర్తయి ఊళ్ళకు వెళ్ళిపోయేటప్పుడు దీన్ని ఎవరు తీసుకువెళతారని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు ఇవ్వలేదు కానీ, వీలున్నప్పుడల్లా వచ్చి దాన్ని నడిపించుకురమ్మని కోరాను. కొత్త మనుషుల దగ్గర బెదరకపోవడం దానికి వాళ్ళ వల్లే అలవడింది.

“ఏటి టీచరుగారూ, ఊరికే ఇచ్చేదానికి ఇన్ని ప్రశ్నలేటి?” అని ఒకావిడ నొచ్చుకున్నారు. డబ్బు తీసుకోకుండా ఇస్తున్నాను కనుకనే అడగవలసి వస్తుంది. కొన్న వస్తువును మనిషి ధర గుర్తుపెట్టుకుని అయినా చూసుకుంటాడు. ఊరికే వచ్చిన ప్రాణాన్ని చూసుకునేది మనసు ఒక్కటే, ఆ మనసును తెలుసుకోవడానికి ప్రశ్న తప్ప మరో మార్గం నాకు తెలియదు. ఇల్లు అద్దెదైతే యజమాని ఒప్పుకున్నారా, పగలు ఇంట్లో ఎవరుంటారు, సంక్రాంతికి అందరూ ఊరికి వెళితే అన్నం ఎవరు పెడతారు, జబ్బు చేస్తే వైద్యుడి దగ్గరకు ఏ బండి మీద తీసుకువెళతారు అని అడిగేదాన్ని. ఉద్యోగస్థులను బదిలీ గురించి తప్పక అడిగేదాన్ని, ఎందుకంటే మా జిల్లాలో ఉద్యోగం చేసేవారికి రేపు కొరాపుటో మల్కనగిరో రావచ్చు. ఇంతకు ముందు పెంచిన కుక్క ఏమైంది అన్నదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం.

కాశీనగర్ నుంచి ఫోన్ చేసిన ఒక ఇల్లాలు ఆ ప్రశ్నకు చెప్పిన జవాబుతోనే నా మనసు సగం కుదిరింది. వాళ్ళ కుక్క ముసలిదై, చివరి సంవత్సరం కళ్ళు కనపడక ఇంట్లోనే ఉండి చనిపోయిందట. దాని టీకాల కార్డు ఇంకా బీరువాలో ఉందని చెప్పి, నేను వెళ్ళినప్పుడు తీసి చూపించారు కూడా. ఇల్లు వంశధారకు కొద్ది దూరంలో, పెద్ద రోడ్డుకు లోపలగా ఉంది. ఆవిడ, భర్త, హైస్కూలు చదివే ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉంటారు. గేటు కింద పిల్ల దూరేంత సందు ఉంటే, అక్కడ పలక అడ్డం పెట్టించమన్నాను. బావికి ఎత్తయిన గట్టు ఉంది. ఎలుకల మందు ఎక్కడ పెడతారో అడిగి, ఆ అలవాటు మానుకోమని చెప్పాను.

అత్తగారు మడి పాటించే మనిషి. “వంటింట్లోకి మాత్రం రానివ్వనమ్మా, వాకిట్లో ఎక్కడ పడుకున్నా నాకేటీ పర్లేదు” అన్నారు. కుక్క మంచం మీద పడుకుంటేనే అది మంచి ఇల్లని భావించేవారు జంతుప్రేమికుల్లో ఉన్నారు, వాళ్ళు ఈ ఇంటిని కాదనేవారేమో. నేను కాదనలేదు. వానా ఎండా తగలని వరండా, చలికాలం రాత్రి లోపల ముందుగది, వేళకు తిండి, రోజంతా కనిపించే మనుషులు ఉన్నప్పుడు వంటింటి గడప ఒక లోటు కాదు. పైగా, ఏది కుదరదో మొదటి రోజే సూటిగా చెప్పిన పెద్దావిడ మీద నాకు గౌరవం కలిగింది.

వెంటనే దత్తత అనుకోకుండా, కొన్ని వారాలు ఉంచుకుని చూడండి అని అప్పగించాను. కొత్తచోట మొదటి రోజుల్లోనే కుక్కలు ఎక్కువగా పారిపోతాయి కనుక మెడపట్టీతోపాటు ఛాతీకి కట్టే పట్టీ కూడా వేసి, రెండింటికీ తాళ్ళు తగిలించి నడిపించమన్నాను. మెడపట్టీ మీద మా రెండు ఇళ్ళ ఫోన్ నంబర్లు చెక్కించాము. నేను కప్పుకునే పాత దుప్పటి ఒకటి దానితో పంపాను. కోడి ఎముకలు ఉడికినవి పెట్టవద్దని, అవి విరిగి గొంతులో గుచ్చుకుంటాయని, ఆడుకుంటూ పన్ను గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళమని పిల్లలకు చెప్పాను. మొదట అది మంచం కింద నుంచి రాలేదు, తిండి ముట్టలేదు. బలవంతంగా లాగవద్దని, గిన్నె దగ్గర పెట్టి పక్కన కూర్చుని మాట్లాడుకోండని ఫోనులో చెప్పాను. దాన్ని బయటికి రప్పించినది పెద్దావిడే. రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని వత్తులు చేసుకునే ఆవిడ పక్కకు వచ్చి పడుకోవడం మొదలుపెట్టిందట.

ఆరు నెలలు దాటాక, మొదటి ఎదకు ముందే, గర్భసంచి తీసే ఆపరేషన్ బరంపురంలో చేయించాము. తొలి ఎదకు ముందు చేయిస్తే పెద్దయ్యాక పొదుగులో వచ్చే గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది. ఖర్చు నేను పెట్టుకుంటానన్నా, సగం వాళ్ళే ఇచ్చారు. కుట్లు మానిన తరువాతే దత్తత కాగితం రాసుకున్నాము. ఏటా టీకా వేయించాలి, నాకు తెలియకుండా వేరొకరికి ఇవ్వకూడదు, ఉంచుకోలేని పరిస్థితి వస్తే నాకే తిరిగి అప్పగించాలి అన్నవి అందులో ముఖ్యమైన మాటలు. సరైన కారణం లేకుండా, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరం. దత్తత తీసుకున్న వీధికుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడడం తీసుకున్నవారి బాధ్యతేనని 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈ రెండూ చదివి వినిపించినప్పుడు ఆ ఇంటాయన నొచ్చుకోలేదు, తెలుసుకోవడం మంచిదే అని సంతకం చేశారు.

టీకా కార్డు అసలు వాళ్ళకు ఇచ్చి, నకలు నా దగ్గర ఉంచుకున్నాను. రేబీస్ టీకా మళ్ళీ వేయించవలసిన నెల ఆ కార్డు మీద ఎర్రసిరాతో రాసి ఉంది. ఆ నెల రాగానే, నేను గుర్తుచేయకముందే, కందిని పశువైద్యశాలకు తీసుకువెళ్ళి వేయించి, కొత్త తేదీ వేసిన కార్డు ఫొటో తీసి పంపారు.