నా 312 మంది 130 అయ్యారు

"నాకర్థం కాలేదు, మళ్లీ చెప్తారా?" నిన్న మధ్యాహ్నం నుంచి ఈ మాటే చెవిలో మోగుతోంది. అడిగింది పిల్లలెవరో కాదు, డెబ్బై దాటిన పెద్దాయన. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్, ఎందరికో పీహెచ్‌డీ గైడు. పరిశోధన పద్ధతుల వేసవి కోర్సుకి ఫీజు కట్టి వచ్చి, మా పక్కనే కూర్చున్నారు.

ఇక్కడ అమెరికాలో ప్రొఫెసర్లు ఇలా మళ్లీ విద్యార్థులై కూర్చోవడం కొత్తేం కాదట. మిచిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో 1963 నుంచీ ఇలాంటి వేసవి బడి నడుస్తోంది.

నిన్నటి పాఠానికి నా డేటానే ఉదాహరణ. 39 టీములు, టీముకి 8 మంది, మొత్తం 312 మంది ఉద్యోగుల సమాధానాలు. ఒకే మేనేజర్ కింద పనిచేసేవాళ్లు చాలావరకు ఒకేలా ఆలోచిస్తారు. ఆ పోలికకి కొలత ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్). నాకు 0.2 వచ్చింది. దాన్ని 7తో, అంటే టీములోని 8 మందికి ఒకటి తక్కువతో, హెచ్చవేసి 1 కలిపితే 2.4. మేనేజర్ తీరులాంటిది, అంటే టీమంతటికీ ఒకటే అయినది, లెక్కగట్టేటప్పుడు 312ని ఆ 2.4తో భాగించాలి. మిగిలేది 130. అంటే 312 మంది చెప్పినా, ఎవరికి వారుగా ఆలోచించే 130 మంది చెప్పినంత విలువే. రెండేళ్ల తిరుగుడులో సగానికి పైగా పోయింది. అంతకంటే బాధేమిటంటే, మొదటిసారి చెప్పినప్పుడే నేను తలూపేశాను. ఆ పెద్దాయన మళ్లీ అడగబట్టే నాకు బుర్రకెక్కింది.

గుంటూరులో ఆరేళ్లు ఎంబీఏకి పాఠాలు చెప్పాను. "అర్థమైందా?" అంటే అరవై గొంతులు "అర్థమైంది సార్" అనేవి. అది భయమని నేననుకోను. మళ్లీ అడిగితే సార్ సరిగా చెప్పలేదన్నట్టు అవుతుందని మొహమాటం. ఇక మేష్టార్ల సంగతంటారా, వారానికి పదహారు గంటల క్లాసులు, పైన పేపర్లు దిద్దడం. రిఫ్రెషర్ కోర్సుకి వెళ్లినా మనసు ప్రమోషన్ ఫైలు మీదే. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. లెక్కల్లో మనవాళ్లేం తక్కువ? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1945లో ఇచ్చిన సిద్ధాంతం ఈ దేశంలోనూ బోర్డు మీదకెక్కుతుంది. అదే సంగతి విడిగా కనుక్కున్న స్వీడన్ గణితవేత్త క్రామర్ పేరు పక్కన 'రావు' అని చూసినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

సాయంత్రం ఆ పెద్దాయనే కాఫీ కప్పుతో నా దగ్గరికొచ్చారు. "మీ 130 మందితో ఏం చేద్దాం?" అంటూ అరగంట నా కాగితాల మీద గీశారు. అలవాటుకొద్దీ తలూపబోయి ఆగాను.

"చివరిది అర్థం కాలేదండీ."

ఆయన కాగితం తిరగేసి మళ్లీ 39 దగ్గర మొదలుపెట్టారు.