హ్యూస్టన్ చీకట్లో కోనసీమ అమ్మమ్మ

2024 జులై 8, సోమవారం తెల్లవారుజామున నాలుగు గంటల వేళ బెరిల్ తుఫాను టెక్సస్‌లోని మాటగోర్డా దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్ శివార్లలోని షుగర్‌లాండ్‌లో ఉన్న మా ఇంట్లో ఐదున్నరకు కరెంటు పోయింది. అంతవరకు గాలి హోరుకు కూడా కదలకుండా పడుకున్న పిల్లలిద్దరూ ఏసీ ఆగిన నిమిషానికే లేచి మా గదిలోకి వచ్చారు. ఆ వేసవికి మా అమ్మ మా దగ్గరే ఉంది. అప్పటికే లేచి, కిటికీ దగ్గర నిలబడి పెరట్లోని ఓక్ చెట్టు ఎటు ఊగుతున్నదో చూస్తోంది. "గాలి తిరిగిందే అమ్మాయ్, ఇంకొక గంటలో తగ్గుతుంది" అంది. సరిగ్గా గంటకు కాకపోయినా, మధ్యాహ్నానికి గాలి తగ్గింది.

గాలి తగ్గిన తరువాతే మాకు అసలు కష్టం మొదలైంది. ఈ నగరంలో చాలా పేటలకు కరెంటు స్తంభాల మీది తీగల ద్వారానే వస్తుంది. కొమ్మలు విరిగి, చెట్లు కూలి ఆ తీగల మీద పడడంతో హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు సరఫరా ఆగిపోయింది. మరునాటి నుంచి ఎండ కాసింది. గాలిలోని తేమతో కలిసి ఒంటికి తెలిసే వేడి వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. కరెంటు ఏ వీధికి ఎప్పుడు వస్తుందో చెప్పేవారు లేక, జనం వాటాబర్గర్ హోటళ్ల యాప్ తెరిచి, ఏ శాఖ తెరిచి ఉందో చూసి ఆ చుట్టుపక్కల కరెంటు ఉందని ఊహించుకున్నారు.

మా ఇల్లు ఏసీని నమ్ముకుని కట్టిన ఇల్లు. గోడల నిండా దూది లాంటి పొర ఉంటుంది, కిటికీలు బిగుతుగా ఉంటాయి, వాటిలో కొన్నింటిని మేము వచ్చిన పదేళ్లలో ఒక్కసారి కూడా తెరవలేదు. మా ఊరి ఇల్లు మండువా లోగిలి. ఎదురెదురు తలుపులు, వీధి అరుగు, చుట్టూ కొబ్బరి చెట్లు ఉండేవి కాబట్టి కరెంటు పోతే చాప తీసుకుని అరుగు మీదికి వెళ్లేవాళ్లం, అంతే. ఇక్కడ మధ్యాహ్నం మూడు గంటలకు మేడ మీది గదుల్లో కాలు పెట్టలేకపోయాము. అమ్మ అందరినీ కిందికి దించి, ముందూ వెనకా కిటికీలు తెరిపించి, పశ్చిమం వైపు కిటికీలకు దుప్పట్లు కట్టించి, గచ్చు నేలను తడిబట్టతో తుడిచి, వట్టి నేల మీదే పడుకోమంది. తివాచీ లేని వంటగది నేల ఆ రాత్రి మా అందరికీ మంచమైంది. అట్టపెట్టె మూతను కోసి ఆమె చేసిన విసనకర్ర కోసం పిల్లలు వంతులు వేసుకున్నారు.

అయితే అమ్మకు తెలిసినదంతా ఇక్కడ పనికి వస్తుందని నేను అనుకోవడం పొరపాటు. మాది కరెంటు పొయ్యి. మొదటి రోజు మధ్యాహ్నం వరకు జల్లు పడుతూనే ఉంది, పాపకు ఆకలి వేస్తోంది, పెరట్లో బొగ్గుల గ్రిల్లు ఉంది. "దాన్ని గరాజ్‌లోకి లాగి కుంపటిలా రాజేద్దాం, తలుపు సగం ఎత్తి పెడదాం" అంది అమ్మ. నాకు అందులో తప్పేమీ తోచలేదు. నా చిన్నతనమంతా వంటింట్లో, పంచలో కుంపటి చూస్తూ పెరిగినదాన్ని. బొగ్గుల సంచీ చేతిలోకి తీసుకునే సరికి పన్నెండేళ్ల మా అబ్బాయి పరుగున వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మమ్మా, వద్దు. పొగ కనపడదు. చచ్చిపోతాం" అన్నాడు. నాతో ఇంగ్లీషులో తప్ప బదులు చెప్పని పిల్లవాడు, అమ్మమ్మకు అర్థం కావాలన్న కంగారులో మూడు ముక్కలూ తెలుగులోనే అన్నాడు.

వాడు చెప్పినది నిజం. కాలే బొగ్గు నుంచి, జనరేటర్ నుంచి, నడుస్తున్న కారు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గాలి ఆడని ఇంట్లో అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది, గరాజ్ తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన ఆ ముప్పు పోదు. జనరేటర్‌ను కూడా ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలి. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు కరెంటు పోయినప్పుడు ఇదే నగరంలో వెచ్చదనం కోసం గరాజ్‌లో కారు నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అది విని కూడా, ఆ మాటను మా కుంపటితో కలిపి ఆలోచించలేదు నేను. పెంకుల సందుల్లోంచి పొగ పోయే ఇంట్లో నేర్చుకున్న ధైర్యాన్ని ఈ ఇంట్లోకి తెచ్చుకున్నాను. అమ్మ బొగ్గుల సంచీ నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, "నీకు తెలిసినంత మాకు తెలియదురా నాన్నా, నువ్వు చెప్పు ఎలా చేద్దామో" అంది. ఆ పూట అటుకులు నానబెట్టి, పెరుగూ ఆవకాయా వేసుకుని తిన్నాము. వాన వెలిసిన తరువాత గ్రిల్లును పెరటి మధ్యకు లాగి, మూడు రోజులు అక్కడే అన్నం వండాము.

అమ్మ ఇన్సులిన్ గురించిన బెంగ మాత్రం నాకు మూడో రోజు వరకు తీరలేదు. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లదనం నిలుపుతాయి. ఆ తరువాత అన్నీ పారేయవలసిందే, పారేశాము కూడా. ఇన్సులిన్‌ను ఐస్ పెట్టెలో, మంచుకు నేరుగా తగలకుండా తువాలు చుట్టి దాచాము, కానీ ఐస్ దొరకడం కష్టమైంది. ఆరేళ్లుగా చేయి ఊపడం తప్ప మాటలు లేని ఎదురింటి పెద్దాయన తన జనరేటర్ మీద నడిచే ఫ్రిజ్‌లో దానికి చోటిచ్చాడు. పూటపూటా వెళ్లి ఆ మందు తెచ్చే పని ఎనిమిదేళ్ల మా పాప తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుని, హారతి పళ్లెం తెచ్చినట్లు నెమ్మదిగా నడిచి వచ్చేది.

రెండో రాత్రి పెరట్లో కూర్చున్నప్పుడు పాప, "అమ్మమ్మా, నీకు భయం లేదా?" అని అడిగింది. అప్పుడు అమ్మ 1996 నవంబరు 6 గురించి చెప్పింది. ముమ్మిడివరం దగ్గర మా ఊళ్లో ఆ రాత్రి పెంకులు ఎగిరిపోతుంటే మమ్మల్ని ధాన్యం గాదె పక్కన కూర్చోబెట్టి తాను తలుపుకు వీపు ఆనించి నిలబడడం, తెల్లవారి చూస్తే తోటలో నిలువు చెట్టు కనపడకపోవడం, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి సముద్రానికి వెళ్లినవాళ్ల కోసం ఆడవాళ్లు రోజుల తరబడి ఎదురు చూడడం. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నా పిల్లలకు నేను ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. కోనసీమ అంటే సంక్రాంతి ముగ్గులు, జగ్గన్నతోట ప్రభల తీర్థం, కొబ్బరి బొండాలు అని మాత్రమే చెప్పాను. మంచి మాత్రమే అందించాలన్న ఆశతో సగం ఊరినే వాళ్లకు ఇచ్చాను. అమ్మ చెబుతున్నంతసేపూ మా అబ్బాయి మధ్యమధ్యలో "ఉప్పెన అంటే?", "గాదె అంటే?" అని అడిగాడు. ఆదివారం తెలుగు తరగతిలో ఏడాదిలో అడగనన్ని ప్రశ్నలు ఆ ఒక్క రాత్రి అడిగాడు.

శుక్రవారం తెల్లవారుజామున కరెంటు వచ్చింది. అమ్మ సెప్టెంబరులో తిరిగి వెళ్లిపోయింది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మా కోనసీమ పక్కనే తీరం దాటింది. ఆ రోజు అక్కడ తెల్లవారే వేళకు, ఇక్కడ మాకు ఇంకా ముందు రోజు రాత్రి, మా అబ్బాయి నన్ను అడగకుండానే ఫోన్ తీసి అమ్మమ్మకు కలిపాడు. "అమ్మమ్మా, బిందెల్లో నీళ్లు పట్టావా? ఫోన్ ఛార్జింగ్ పెట్టావా? ఇన్సులిన్‌కు ఐస్ ఉందా?" అని వరుసగా అడిగాడు. అన్నీ అయ్యాయని అమ్మ చెబుతుంటే ఆగి, "కుంపటి లోపల పెట్టకు" అన్నాడు.

"పెట్టనురా నాన్నా, పంచలో ఉంది" అంది అమ్మ.